బోర్లా పడితే బొబ్బట్లు, అడుగులకు అరిసెలు: పసిబిడ్డ తొలి ఏడాది లెక్కలు

నవ్వుకు నువ్వుండలు, బోర్లా పడితే బొబ్బట్లు, అడుగులకు అరిసెలు, పలుకులకు చిలకలు. పసిబిడ్డ ఎదుగుదలలో ఒక్కో మలుపుకూ ఒక్కో తీపి చేసి ఇరుగుపొరుగుకు పంచిపెట్టే ఆనవాయితీ తెలుగు ఇళ్ళలో తరతరాలుగా ఉంది. చిలకలంటే పంచదార పాకాన్ని అచ్చులో పోసి చేసేవి. ఈ జాబితా ఒక్కో ప్రాంతంలో ఒక్కో తీరుగా వినిపిస్తుంది. బొబ్బట్లను భక్ష్యాలనీ, ఓళిగలనీ పిలిచే చోట ప్రాస కుదరదు కూడా. ఎక్కడ ఎలా చెప్పినా ఇందులో గమనించవలసిన విషయం ఒకటుంది. ఈ జాబితాలో పనులున్నాయి, వాటికి తగిన పిండివంటలున్నాయి, నెలలు మాత్రం లేవు. బిడ్డ ఎన్నో నెలలో బోర్లా పడాలో, ఎన్నో నెలలో అడుగు వేయాలో ఇది చెప్పదు. ఆ పని చేసిననాడు పొయ్యి మీద మూకుడు పెట్టమంటుంది, అంతే.

ఇప్పటి తల్లిదండ్రుల చేతిలో మరో జాబితా ఉంటుంది. అది ఫోన్‌లోని యాప్ కావచ్చు, టీకాల కార్డు వెనుక అచ్చువేసిన బొమ్మల పట్టిక కావచ్చు. అందులో నెలలే ప్రధానం. మూడు నెలలు నిండాయి, మెడ నిలిపిందా? ఆరు నిండాయి, కూర్చుంటోందా? పక్కింటి బిడ్డ తొమ్మిదో నెలకే గోడ పట్టుకొని నిలబడితే, అదే వయసున్న తమ బిడ్డ ఇంకా పొట్ట మీదే జరుగుతోందని దిగులుపడే ఇళ్ళు ఎన్నో. నెలల లెక్క అవసరం లేదని అనడానికి వీల్లేదు. ఎదుగుదలలో నిజమైన ఆలస్యాన్ని త్వరగా పట్టుకోవడానికి ఆ లెక్కే ఆధారం. అయితే ఆ లెక్కను కరెంటు బిల్లు గడువు తేదీలా చదివితే అక్కరలేని భయం పుడుతుంది. పైగా ఒక మలుపుకూ మరో మలుపుకూ మధ్య రోజూ జరిగే స్నానం, ఆట, ఊసులాట, బువ్వ తినిపించడం వంటివి కంటికి ఆనవు. ఆ మలుపులను తెచ్చిపెట్టేవి చాలావరకు అవే.

నెలల విషయంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ప్రచురించిన అధ్యయనాన్ని గట్టి ఆధారంగా తీసుకోవచ్చు. భారత్, ఘనా, నార్వే, ఒమన్, అమెరికా దేశాలలో ఆరోగ్యంగా పెరుగుతున్న 816 మంది పిల్లలను నెలల తరబడి గమనించి దీనిని రూపొందించారు. మన దేశం నుంచి దక్షిణ ఢిల్లీ పిల్లలు ఇందులో ఉన్నారు. ఆసరా లేకుండా కూర్చోవడం 3.8 నెలల నుంచి 9.2 నెలల మధ్య ఎప్పుడైనా రావచ్చని, చేతులూ మోకాళ్ళ మీద దోగాడటం 5.2 నుంచి 13.5 నెలల మధ్య, ఏ ఆసరా లేకుండా నడవడం 8.2 నుంచి 17.6 నెలల మధ్య రావచ్చని అందులో తేలింది. నడక విషయంలో ముందు వరసలో ఉన్న బిడ్డకూ వెనుక వరసలో ఉన్న బిడ్డకూ తొమ్మిది నెలలకు పైగా తేడా ఉన్నా ఇద్దరూ ఆరోగ్యవంతులే. సొంతంగా నడిచే సగటు వయసు పన్నెండు నెలలు. అంటే తొలి పుట్టినరోజు నాటికి దాదాపు సగం మంది పిల్లలు ఇంకా సొంతంగా నడవరు. ఈ ఒక్క సంగతి తెలిసి ఉంటే ఎన్నో ఇళ్ళలో పుట్టినరోజు పూట వినిపించే "ఇంకా నడవడం లేదా?" అన్న ప్రశ్నకు పదును తగ్గుతుంది.

అదే అధ్యయనంలో నూటికి నలుగురికి పైగా పిల్లలు అసలు దోగాడనే లేదు. కూర్చోవడం నుంచి నేరుగా నిలబడటానికి వెళ్ళిపోయారు. పొట్టను నేలకు ఆనించి జరిగేవారు, కూర్చున్నచోటి నుంచే పిరుదుల మీద జరిగేవారు, ఒక కాలు మడిచి మరో కాలితో నెట్టుకుంటూ వెళ్ళేవారు ఏ వీధిలోనైనా కనిపిస్తారు. తెలుగులో పాకడం, పారాడటం, దోగాడటం అని ఇన్ని మాటలుండటం చూస్తే బిడ్డ నేల మీద కదిలే తీరు ఒక్కటి కాదని పెద్దలకు ఎప్పటి నుంచో తెలుసనిపిస్తుంది. అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం 2022లో తన పట్టికలను సవరించినప్పుడు దోగాడటాన్ని ఎదుగుదల గుర్తుల నుంచి తొలగించింది. నూటికి 75 మంది లేదా అంతకు మించి పిల్లలు చేయగలిగిన పనులనే ఆయా వయసుల కింద చేర్చింది.

మొదటి నెలన్నర ఇంట్లో వాళ్ళకు శ్రమ ఎక్కువ, బిడ్డ నుంచి బదులు తక్కువ. నిద్రలో పెదవులు విచ్చుకుంటే దేవుడు నవ్విస్తున్నాడంటారు, ముఖం ముడుచుకుంటే దేవుడు ఏడిపిస్తున్నాడంటారు. నిద్రలోని ఆ కదలికలు ఎవరినీ చూసి నవ్వినవి కావు. పుట్టిన బిడ్డకు దాదాపు 20 నుంచి 30 సెంటీమీటర్ల దూరంలో ఉన్నవే కాస్త స్పష్టంగా కనిపిస్తాయి. పాలు తాగే బిడ్డ కళ్ళకూ తల్లి ముఖానికీ మధ్య ఉండే దూరం అదే. రోజుకు ఎనిమిది పది సార్లు, రాత్రింబవళ్ళు, ఆ దూరం నుంచి ఒకే ముఖాన్ని చూసి చూసి, ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో బిడ్డ ఒకనాడు ఆ ముఖాన్ని చూసి నవ్వుతుంది. నువ్వుండలు ఆ నవ్వుకు. అప్పటిదాకా ఇచ్చుకోవడమే తప్ప పుచ్చుకోవడం లేని తల్లికి దొరికిన మొదటి జవాబు అది.

ఈ నెలల్లో తెలుగు ఇంట రోజూ జరిగే పెద్ద పని స్నానం. అమ్మమ్మో నాయనమ్మో, స్నానం పోయడంలో చేయి తిరిగిన మరో పెద్దామెనో పీట మీద కూర్చుని కాళ్ళు చాపుతుంది. దగ్గరగా చేర్చిన ఆ రెండు కాళ్ళ మధ్య పల్లం బిడ్డకు పానుపు అవుతుంది. ముందు వెల్లకిలా పడుకోబెట్టి ఒంటికి నూనె రాసి, చేతులనూ కాళ్ళనూ సాగదీసి, సున్నిపిండితో నలుగు పెట్టి గోరువెచ్చని నీళ్ళు పోస్తుంది. తరవాత బిడ్డను బోర్లా తిప్పి తల మోకాళ్ళ వైపు వచ్చేలా పడుకోబెట్టి వీపు మీద నీళ్ళు పోస్తుంది. బిడ్డ తల ఎత్తబోతుంది, ఒక్క క్షణం నిలుపుతుంది, వాల్చేస్తుంది. మళ్ళీ ఎత్తుతుంది. ఇంకా కదలలేని పసిబిడ్డలను మెలకువగా ఉన్నప్పుడు రోజులో కొద్దికొద్దిగా కలిపి కనీసం 30 నిమిషాలు బోర్లా ఉంచాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది. నడుము నొప్పిని ఓర్చుకుంటూ పెద్దామె చేసే ఆ పనిలో మెడకూ భుజాలకూ కావలసిన ఈ కసరత్తు కొంత కలిసే ఉంది. మూడు నాలుగు నెలలకు మెడ నిలపడం, నాలుగు నుంచి ఆరు నెలల మధ్య బోర్లా పడటం ఇలా పోగైన బలంతోనే సాధ్యమవుతాయి. అయితే పాత పద్ధతి అన్నదంతా మేలేనని అనుకోకూడదు. ముక్కులోనూ చెవుల్లోనూ నూనె చుక్కలు వేయడం, సాంబ్రాణి పొగను బిడ్డ ముఖానికి దగ్గరగా పట్టడం, ఉగ్గుగిన్నెతో ఆముదం పోయడం ప్రమాదమని వైద్యులు చెప్పే మాటను వినవలసిందే.

మాటల సంగతి ఇంతకంటే విచిత్రమైనది. మాట పలకడం ఏడాది చివర కనిపించినా, మాట నేర్వడం మొదటి రోజు నుంచే సాగుతుంది. తల్లి గొంతును కడుపులో ఉండగానే విన్న బిడ్డ పుట్టిన కొద్ది రోజులకే ఆ గొంతును ఇతరుల గొంతుల నుంచి వేరు చేయగలదు. రెండో నెలలో "ఉంగా" అంటుంది. పెద్దలు బదులుగా "ఉంగా" అంటే, ఆగి విని, మళ్ళీ అంటుంది. ఊసులాడటం అని తెలుగులో అనేది దీన్నే. ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు ఆగడం, తరవాత వంతు అందుకోవడం అనే సంభాషణ మర్యాద అర్థమున్న ఒక్క మాటైనా రాకముందే ఇక్కడ అలవడుతుంది.

జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ అనే పరిశోధకులు 1984లో ప్రచురించిన అధ్యయనం తెలుగు వారికి దగ్గరి విషయం. హిందీలోని "ట", "త" శబ్దాల మధ్య తేడాను ఇంగ్లిష్ ఇళ్ళలో పెరుగుతున్న ఆరు నుంచి ఎనిమిది నెలల పిల్లలు సులువుగా గుర్తించారు. పది నుంచి పన్నెండు నెలల వయసు వచ్చేసరికి వారిలో ఎక్కువమంది ఆ తేడాను గుర్తించలేకపోయారు. వారి ఇంటి భాషలో ఆ తేడాతో పని లేదు కాబట్టి చెవి దానిని వదిలేసింది. తెలుగు ఇంట్లో పెరిగే బిడ్డకు మాత్రం ఆ తేడా రోజూ పనికొస్తుంది. గుమ్మం దగ్గర చెయ్యి ఊపుతూ చెప్పేది "టాటా", వీధి చివర నుంచి నడిచి వస్తున్న మనిషి "తాత". ఏడాది నిండని బిడ్డ ఈ రెండింటినీ కలిపేయకుండా వినగలుగుతోందంటే, దాని వెనుక ఇంట్లో వాళ్ళు నెలల తరబడి ఆడిన ఊసులున్నాయి. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో పుట్టిన తెలుగు బిడ్డకు కూడా ఈ చెవి నిలవాలంటే ఆ మొదటి ఏడాదిలో ఎదురుగా కూర్చుని తెలుగులో మాట్లాడే మనిషి ఉండాలి.

ఆరు నుంచి పది నెలల మధ్య "బబబ", "దదద", "మమమ" అంటూ హల్లూ అచ్చూ కలిసిన పలుకులు వస్తాయి. అమ్మ, అత్త, అక్క, అన్న, అవ్వ, తాత, మామ, నాన్న అని తెలుగు చుట్టరికాల మాటలను వరసగా పలికి చూస్తే, అవన్నీ ఒకే హల్లు ఒత్తి పలికేవో, ఒకే అక్షరం రెండుసార్లు వచ్చేవో అని తెలుస్తుంది. బువ్వ, లాల, జోజో, జేజే, బజ్జో వంటి ముద్దు మాటలు కూడా ఆ కోవలోవే. పసినోటికి తేలికగా పలికే పెదవుల ధ్వనులూ దంత్యాలూ ముక్కుతో పలికేవీ ప్రపంచ భాషలలో తల్లిదండ్రుల పిలుపులుగా స్థిరపడ్డాయని భాషాశాస్త్రవేత్త రోమన్ యాకబ్సన్ వివరించాడు. బిడ్డ అనుకోకుండా "అత్త" అన్నప్పుడు మేనత్త పొంగిపోయి ఎత్తుకోవడం వల్లనే ఆ పలుకు మాటగా మారుతుంది. చుట్టూ ఉన్నవాళ్ళు అర్థం తగిలించి ముద్దు చేసిన పలుకు నిలుస్తుంది. గలగలా మాట్లాడేవారిని వసపిట్ట అంటాం, బిడ్డకు మాట స్పష్టంగా రావాలని వసకొమ్ము అరగదీసి నాకించే అలవాటూ ఉంది. ఆరు నెలలలోపు బిడ్డకు తల్లిపాలు తప్ప వస, తేనె, నీళ్ళు ఏవీ అవసరం లేదు. తేనె అయితే ఏడాది నిండేదాకా పెట్టకూడదు, అందులో ఉండగల ఒక రకం సూక్ష్మజీవి పసిపేగుల్లో విషాన్ని పుట్టించగలదు.

అన్నప్రాశన దగ్గర నెలల లెక్క మరోలా చిక్కుపెడుతుంది. మగపిల్లలకు ఆరో నెల, ఎనిమిదో నెల అని సరి నెలల్లో, ఆడపిల్లలకు ఐదో నెల, ఏడో నెల అని బేసి నెలల్లో ముహూర్తం పెట్టడం సంప్రదాయం. వైద్యులు చెప్పేది ఆరు నెలలు నిండాక పై ఆహారం మొదలుపెట్టమని. మన వాడుకలో ఐదో నెల అంటే నాలుగు నిండి ఐదు జరుగుతున్న కాలం, ఆరో నెల అంటే ఐదు నిండి ఆరు జరుగుతున్న కాలం. కాబట్టి ఐదో నెల ముహూర్తం వైద్యుల లెక్కకు చాలా ముందు, ఏడో నెల ముహూర్తం దానితో సరిగ్గా సరిపోతుంది. వేడుకనాడు నాలుకకు తగిలించే చుక్క పాయసం వేరు, ఆ మరుసటి రోజు నుంచి పూటపూటా పెట్టే ఆహారం వేరు అని గుర్తుంచుకుంటే ఆచారానికీ ఆరోగ్యానికీ పేచీ ఉండదు. అన్నప్రాశన నాడు పుస్తకం, కలం, బంగారం, పండు వంటివి ముందు పెట్టి బిడ్డ దేన్ని పట్టుకుంటుందో చూడటం ఇంటిల్లిపాదికీ సరదా. బిడ్డ భవిష్యత్తు మాట అలా ఉంచి, వర్తమానం గురించి అది చాలా చెబుతుంది. ఎదుట ఉన్న వస్తువును చూసి, ఎంచుకొని, ఒంటిని అటు జరుపుకొని, చెయ్యి చాచి, పట్టుకొని నోటికి చేర్చడం వరకు ఎన్ని పనులు కుదిరితే ఆ ముచ్చట కుదురుతుంది!

తరవాతి నెలల్లో తిండి విషయం నిర్లక్ష్యం చేయరానిది. పుట్టుకతో వచ్చిన ఇనుము నిల్వలు ఆరో నెలకు తరుగుతాయి, తల్లిపాలలో ఇనుము కొద్దిగానే ఉంటుంది. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో ఆరు నెలల నుంచి ఐదేళ్ళ లోపు పిల్లల్లో 67.1 శాతం మందికి రక్తహీనత ఉంది. రక్తహీనత ఉన్న బిడ్డ ఆడదు, నలుగురి వైపు పాకదు, చిరాకుపడుతుంది. పెద్దలు నెమ్మదస్తురాలని మురిసిపోయే బిడ్డకు ఒంట్లో రక్తం లేకపోవడమూ కావచ్చు. మెత్తగా చిదిమిన పప్పన్నం, ఆకుకూర, గుడ్డు, మాంసాహారులైతే మెత్తగా ఉడికించిన కాలేయం వంటివి ఈ వయసులో మొదలుపెట్టవలసినవి. తెలంగాణ అంగన్‌వాడీల్లో ఏడో నెల నుంచి మూడేళ్ళ వరకు నెలకు 2.5 కిలోల బాలామృతం పొడి ఇచ్చేది కూడా ఈ లోటు పూడ్చడానికే.

ఎనిమిదో నెల ప్రాంతంలో బిడ్డ మనసులో పెద్ద మార్పు వస్తుంది. అంతకుముందు ఆడుతున్న గిలకను తువ్వాలు కింద దాచేస్తే బిడ్డకు అది లేనట్టే. ఇప్పుడు తువ్వాలు లాగి వెతుకుతుంది. కంటికి కనబడకపోయినా వస్తువు ఎక్కడో ఉంటుందన్న ఎరుక ఈ వయసులో కుదురుకుంటుందని స్విట్జర్లాండ్ మనస్తత్వవేత్త పియాజే తన సొంత పిల్లలను గమనించి రాశాడు. దోబూచులాట రక్తి కట్టేది సరిగ్గా ఇప్పుడే. అమ్మ పైటచెంగు వెనుక ముఖం దాచుకుంటుంది. బిడ్డ కదలకుండా ఆ చెంగునే చూస్తుంది, కనుబొమలు పైకి లేస్తాయి, ఊపిరి బిగబడుతుంది. "బూ" అంటూ ముఖం కనబడగానే కిలకిలా నవ్వి రెండు కాళ్ళూ తపతపా కొడుతుంది. పదిసార్లు ఆడినా పదకొండోసారి అంతే సంబరం. కనబడకుండా పోయిన అమ్మ తిరిగి వస్తుందని భయం లేని చోట మళ్ళీ మళ్ళీ సరిచూసుకోవడమే ఆ ఆట.

కొత్త ముఖం చూసి ఏడవడం, అమ్మ పక్క గదిలోకి వెళ్ళినా రాగం తీయడం కూడా ఇదే ఎరుకకు మరో ముఖం. అమ్మ ఎక్కడో ఉందని తెలుసు, ఎప్పుడు వస్తుందో తెలియదు. నిన్నటిదాకా అందరి చేతుల్లోకీ వెళ్ళిన బిడ్డ పెద్దనాన్నను చూసి గుక్కపెడితే మొండితనమనీ, చేతి అలవాటనీ అనకూడదు. ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో చేసిన సవరణతో ఉద్యోగినులకు మొదటి రెండు కాన్పులకు 26 వారాల సెలవు వచ్చింది. అందులో ఎనిమిది వారాల వరకు కాన్పుకు ముందు వాడుకుంటే, తల్లి తిరిగి పనిలో చేరేనాటికి బిడ్డకు నాలుగు నెలలే నిండుతాయి. మొత్తం కాన్పు తరవాతే వాడుకున్నా ఆరు నెలలు. ఆమె కొత్త దినచర్యలో ఇంకా కుదురుకోకముందే బిడ్డకు ఎడబాటు భయం మొదలయ్యే కాలం వస్తుంది. కూలి పనికి వెళ్ళే తల్లికి ఆ సెలవు కూడా లేదు. చేను గట్టున వేపచెట్టు కొమ్మకు కట్టిన చీర ఉయ్యాలే ఆ బిడ్డకు సంరక్షణ కేంద్రం. బిడ్డ ఎదుగుదల గురించి తల్లులకు చెప్పే సలహాలన్నీ ఈ వాస్తవాన్ని లెక్కలోకి తీసుకోవాలి, లేకపోతే అవి ఆమె మీద మోపే మరో బరువు అవుతాయి.

తొమ్మిది, పది నెలల్లో చేతులకు నైపుణ్యం వస్తుంది. అరచేతితో ఊడ్చి పట్టుకునే బిడ్డ బొటనవేలూ చూపుడువేలూ కలిపి చాప మీద పడిన ఒక్క మరమరం గింజను ఏరుతుంది. ఈ నేర్పు ముచ్చటగా ఉన్నంతగా ప్రమాదమూ తెస్తుంది. నాలుగో నెలలో సంక్రాంతి వచ్చిన బిడ్డ ఒడిలో కూర్చుని భోగిపళ్ళు పోయించుకుంటుంది. పదో నెలలో వచ్చిన బిడ్డ నెత్తి మీద నుంచి రాలిన రేగుపండునూ చిల్లర నాణేన్నీ క్షణంలో నోట్లో పెట్టుకుంటుంది. ఆ పూట పక్కనే ఒకరు కనిపెట్టుకొని ఉండాలి.

అదే చూపుడువేలు కొద్ది రోజులకు మరో పని నేర్చుకుంటుంది. డాబా మీద చంకనెత్తుకొని చందమామను చూపిస్తూ బువ్వ తినిపించే అమ్మమ్మ, ముద్ద నోట్లో పెట్టేముందు ప్రతిసారీ వేలు పైకెత్తి "అదిగో" అంటుంది. మొదట్లో బిడ్డ వేలినే చూస్తుంది. కొన్నాళ్ళకు వేలు చూపిన వైపు చూస్తుంది. ఏడాది దగ్గరపడుతుండగా ఒక సాయంత్రం తానే వేలు చాచి చూపిస్తుంది, చూపించి అమ్మమ్మ ముఖంలోకి చూస్తుంది, ఆమె కూడా చూసిందో లేదో తెలుసుకోవడానికి. కావాలని అడగడానికి కాకుండా, తాను చూసినదాన్ని మరొకరితో పంచుకోవడానికి చూపే ఈ వేలు తొలి ఏడాదిలోని మలుపులన్నిటిలో గొప్పదని చెప్పవచ్చు. మాటలు వచ్చేది ఈ దారినే. ఆటిజం వంటి ఇబ్బందులను త్వరగా గుర్తించడంలో వైద్యులు ఈ వేలి గురించి తప్పక అడుగుతారు కూడా. తీపి వంటకాల జాబితాలో దీనికి చోటు లేకపోవడం లోటే.

అమ్మమ్మ చూపు ఆ క్షణంలో ఫోన్‌లో ఉంటే? అమెరికా మనస్తత్వవేత్త ఎడ్వర్డ్ ట్రోనిక్ 1970లలో చేసిన ప్రయోగం ఇక్కడ గుర్తుచేసుకోదగినది. బిడ్డతో ఆడుతున్న తల్లిని రెండు మూడు నిమిషాలపాటు ముఖంలో ఏ కదలికా లేకుండా కూర్చోమన్నారు. బిడ్డ నవ్వి చూసింది, చేతులు చాచింది, కేక పెట్టింది. ఏదీ పారకపోతే ముఖం తిప్పుకొని ఏడుపు అందుకుంది. తల్లి మళ్ళీ పలకరించాక కాసేపటికి తేరుకుంది. ఇంట్లో ఎవరూ పగలంతా బిడ్డ ముఖమే చూస్తూ కూర్చోలేరు, కూర్చోనక్కరలేదు కూడా. తప్పిన పలకరింపును తిరిగి అందుకోవడం బిడ్డకు వచ్చు. చిక్కల్లా తెర వైపు చూసే చూపు రోజులో ఎంత భాగాన్ని తినేస్తోందన్నదే. ఏడాది లోపు పిల్లలకు తెర అసలు వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. దూరాన ఉన్న అయినవాళ్ళతో వీడియో కాల్‌ను మాత్రం అమెరికా పిల్లల వైద్యుల సంఘం మినహాయించింది. వీసా గడువు తీరి గుంటూరుకో కరీంనగర్‌కో తిరిగి వచ్చేసిన నాయనమ్మ తెల్లవారకముందే లేచి, అమెరికాలో సాయంత్రం వేళ తెరలో "ఉంగా" అంటే బిడ్డ బదులు పలుకుతుంది. అది తెర చూడటం కాదు, ఊసులాడటమే.

నెలల లెక్క కచ్చితంగా పట్టించుకోవలసిన సందర్భాలు కొన్ని ఉన్నాయి. మూడు నెలలు నిండినా మనిషిని చూసి నవ్వకపోవడం, ఐదో నెలకూ మెడ నిలవకపోవడం, తొమ్మిది నెలలు దాటినా ఆసరాతో తప్ప కూర్చోలేకపోవడం, ఏడాదికి కూడా "బబ", "దద" వంటి పలుకులు రాకపోవడం, 18 నెలలకు నడక రాకపోవడం చూస్తే ఇక "వాళ్ళ నాన్న కూడా ఆలస్యమే" అని సరిపెట్టుకోకుండా వైద్యులకు చూపించాలి. వచ్చిన పలుకో, పనో వెనక్కి పోతే ఏ వయసులోనైనా ఆగకూడదు. వినికిడి లేని బిడ్డ కూడా మొదటి నెలల్లో ఉంగా అంటుంది కాబట్టి, ఇంట్లో వాళ్ళకు అనుమానం రాకుండానే విలువైన కాలం గడిచిపోతుంది. పుట్టిన మొదటి నెలలోనే వినికిడి పరీక్ష చేయించమనేది ఇందుకే. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు లెక్క వేరు. ఎనిమిది వారాల ముందు పుట్టిన బిడ్డకు ఆరు నెలలు నిండితే నాలుగు నెలల బిడ్డగానే చూడాలి, రెండేళ్ళ వరకు ఈ సవరణ పాటిస్తారు. 2013లో మొదలైన కేంద్ర ప్రభుత్వ పథకం రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లా స్థాయి కేంద్రాలలో ఇలాంటి ఆలస్యాలకు ఉచితంగా పరీక్షలూ చికిత్సా ఉన్నాయి. ఆరు, పది, పద్నాలుగు వారాలకూ, తొమ్మిదో నెలకూ టీకాల కోసం ఎలాగూ వెళ్ళవలసిందే. సూది వేయించుకొని వచ్చేయకుండా ఆ పూట బిడ్డ ఏం చేస్తోందో, ఏం చేయడం లేదో చెప్పి అడగడం మంచిది.

ఇక నడక. గోడ పట్టుకొని, మంచం పట్టి పట్టుకొని, అమ్మ చీర కుచ్చెళ్ళు పట్టుకొని నిలబడటం అలవాటయ్యాక బిడ్డ ఒకనాడు చెయ్యి వదులుతుంది. పూర్వం ఇళ్ళలో చెక్కతో చేసిన మూడు చక్రాల నడకబండి ఉండేది. బిడ్డ నిలబడి దాన్ని తోసుకుంటూ వెళ్ళాలి, బరువు తన కాళ్ళదే. నడుమ కూర్చోబెట్టి చుట్టూ చక్రాలున్న ఇప్పటి వాకర్లు చూడటానికి దానికి చుట్టంలా ఉన్నా పని వేరు. అవి నడకను త్వరగా తేవు, మెట్ల మీద నుంచీ వేడి గిన్నెల మీదికీ బిడ్డను త్వరగా తీసుకుపోతాయి. కెనడా 2004లో వాటి అమ్మకాన్నే నిషేధించింది. బిడ్డకు కావలసింది జారని నేల, వట్టి పాదాలు, పడితే లేపే మనిషి.

పడటం మామూలుగా ఉండదు. న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో కారెన్ అడాల్ఫ్ బృందం 2012లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, 12 నుంచి 19 నెలల వయసు పిల్లలు స్వేచ్ఛగా ఆడుకునే ఒక గంటలో సగటున 2,368 అడుగులు వేశారు, 17 సార్లు పడ్డారు. తెలుగులో తప్పటడుగులు అనేవి ఇవే. అరిసెలు వీటికోసమే. బియ్యం ముందురోజు నానబోసి, తడిపిండి కొట్టి జల్లించి, బెల్లం పాకం ఉండకట్టే అదనులో పిండి కలిపి, నువ్వులద్ది వేయించి, చెక్కల మధ్య నూనె వత్తి తీసేసరికి రెండు రోజులు పడుతుంది. ఆ తరవాత నేల మీద అరిసెలు పరిచి, పైన శుభ్రమైన గుడ్డ వేసి, రెండు చేతులూ పట్టుకొని బిడ్డను వాటి మీదుగా నడిపిస్తారు. తూలుతూ రెండడుగులు వేసి, మూడో అడుగుకు కూలబడి, పాదం కింద మెత్తగా తగిలిందేమిటా అని గుడ్డ అంచు పైకి లాగి చూస్తుంది బిడ్డ.